అమదేవో రోల్దాన్ – క్యూబా లయకు లిపి

చెరకుతోటలలో పనిచేయుటకై ఆఫ్రికానుండి క్యూబా ద్వీపమునకు బానిసలుగా కొనిపోబడిన జనులు తమ భాషలను నిత్యవ్యవహారమున క్రమముగా కోల్పోయిరి. పూజావిధులలో మాత్రము ఆ భాషల పదములును, వానితోడి డోళ్ల దరువులును నిలిచినవి. 1886లో బానిసత్వము రద్దయిన పిదపను హవానా నాగరికులు పలువురు ఆ దరువులను సంగీతముగా అంగీకరింపలేదు. వానికి సంగీతశాలలో స్థానము కల్పించినవారిలో అగ్రగణ్యుడు అమదేవో రోల్దాన్.

ఇతడు 1900లో పారిసునగరమున జన్మించెను. తల్లి క్యూబా దేశీయురాలు. ఆమె వంశమున ఆఫ్రికా సంబంధము గలదు. మాడ్రిడ్ సంగీతవిద్యాలయమున వయొలిను నభ్యసించి, 1919లో హవానా చేరెను. జీవనమునకై చలనచిత్రశాలలలోను, భోజనశాలలలోను వాయించెను. 1924లో నెలకొన్న హవానా ఫిల్‌హార్మోనిక్ వాద్యబృందమున ప్రధాన వయొలిను వాదకుడై, 1932లో దానికి నిర్వాహకుడయ్యెను.

రచయిత అలెహో కార్పెంతియేర్ ఇతని మిత్రుడు. ఇరువురును హవానాకు ఎదుటనున్న రెగ్లాలో నల్లజాతివారి ఉత్సవములకు పోయి, అచటి వాద్యములను శ్రద్ధగా వినిరి. ఆ పరిశీలనకు ఫలముగా 1925లో క్యూబా ఇతివృత్తములపై ప్రారంభ వాద్యరచనయు, 1928లో లా రెబంబరంబ అను నృత్యరూపకమును వెలువడెను. పందొమ్మిదవ శతాబ్దపు హవానాలో, రాజుల పండుగనాడు, నల్లజాతి సంఘములవారు వీథులలో ఊరేగుటయే ఆ రూపకమునకు పట్టు.

1930లో రచించిన రీత్మికాస్ అను ఆరు కృతులలో చివరి రెండును కేవలము తాళవాద్యములకే ఉద్దేశింపబడినవి. ఎడ్గార్ వరేజ్ రచించిన అయొనిజేషన్ కంటె ఇవి పూర్వములు. క్యూబా సంగీతమున, రెండు కఱ్ఱముక్కలను తాకించి వాయించు క్లావెయొక్క ఐదు దెబ్బల వరుస తక్కిన వాద్యములకు ఆధారము. గీతలు చెక్కిన సొరబుఱ్ఱయు, గింజలుంచిన బుఱ్ఱయు, జంట డోళ్లును ఆ వరుసను అనుసరించుచునే వేర్వేరు నడకలు నడచును. ఐరోపా స్వరలిపి దెబ్బయొక్క కాలమును తెలుపును గాని వాద్యమును ఏచోట, ఏవిధముగ కొట్టవలెనో చాలినంతగా తెలుపదు. రోల్దాన్ ఆ భేదములకు ప్రత్యేక సంకేతములను ఏర్పరచెను. పాటలోని మాటను వ్రాసికొని దరువును విడిచిపెట్టుటకు అలవాటుపడిన మౌఖికసాహిత్య పరిశోధకులకు ఈ కృషి గమనింపదగినది. అయినను డోలు ఎవరిని ఉద్దేశించి మ్రోగుచున్నదో ఏ లిపియు చెప్పజాలదు. దానికి ఆ పూజ నెఱిగినవారే ఆధారము.

ఆ సంపద శిష్యులకు అందవలెనను పట్టుదల రోల్దానుకు గలదు. 1935లో హవానా పురపాలక సంగీతవిద్యాలయమునకు అధ్యక్షుడై, స్వరరచనను బోధించెను. హరోల్డ్ గ్రమాట్జెస్ ఇతనియొద్ద చదువుకొని తరువాతి తరమున ప్రసిద్ధ స్వరకర్త యయ్యెను. 1939 మార్చిలో, ముప్పదియెనిమిదవ యేట, రోల్దాన్ మరణించెను. ఈ మార్గముననే నడచిన అలెహాండ్రో గార్సియా కటూర్లా మఱుసటి యేట హత్యకు గురియయ్యెను. ఇరువురు మార్గదర్శకులును రెండేండ్లలో అంతరించినను, బోధన ఆగలేదు. ఆ విద్యాలయమునకు తదుపరి రోల్దాన్ పేరే పెట్టబడెను.