కేశనాళికల అన్వేషకుడు – ఆగస్ట్ క్రోగ్

గుండె నుంచి ధమనుల ద్వారా బయలుదేరిన రక్తం సిరల ద్వారా తిరిగి గుండెకే చేరుతుందని 1628లో విలియం హార్వే అనే ఆంగ్ల వైద్యుడు నిరూపించాడు. అయితే ధమనుల నుంచి సిరలలోకి రక్తం ఏ దారిన వెళుతుందో ఆయనకు కనబడలేదు. 1661లో ఇటలీకి చెందిన మాల్పిగీ కప్ప ఊపిరితిత్తులను సూక్ష్మదర్శినితో పరిశీలించి, ధమనులకూ సిరలకూ నడుమ అల్లుకొని ఉన్న అతి సన్నని నాళాల వలను చూశాడు. తలవెంట్రుక కంటె ఎన్నో రెట్లు సన్నమైన ఆ నాళాలే రక్తకేశనాళికలు. దారి తెలిసింది. కాని ఆ దారిలో ఏం జరుగుతుందో, రక్తంలోని ఆక్సిజన్ కండరపు లోపలి భాగాలకు ఎలా చేరుతుందో తెలియడానికి మరో రెండున్నర శతాబ్దాలు పట్టింది. ఆ చిక్కుముడిని విప్పడానికి పూనుకొన్నవాడు డెన్మార్క్ దేశీయుడైన ఆగస్ట్ క్రోగ్.

ఆయన 1874 నవంబరు 15న జట్లాండ్ ప్రాంతంలోని గ్రెనో అనే చిన్న రేవు పట్టణంలో జన్మించాడు. తండ్రి విగ్గో క్రోగ్ ఓడల నిర్మాత. సముద్రపు గాలిలో పెరిగిన ఆ బాలుడు ఒక దశలో నౌకాదళం వైపు మొగ్గినా, పురుగులను, మొక్కలను పరిశీలించడంలోని ఆసక్తి ఆయనను చదువు వైపే మళ్లించింది. కుటుంబ మిత్రుడైన సోరెన్సెన్ అనే జంతుశాస్త్రవేత్త ఆ ఆసక్తిని గుర్తించి, శరీరధర్మశాస్త్రం చదవమని ప్రోత్సహించాడు. క్రోగ్ కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో చేరి, 1897 నుంచి క్రిస్టియన్ బోర్ ప్రయోగశాలలో పని చేయసాగాడు. అణువు నిర్మాణాన్ని వివరించి ప్రఖ్యాతుడైన నీల్స్ బోర్ ఈ క్రిస్టియన్ బోర్ కుమారుడే.

గురువు బోర్‌కు ఒక దృఢమైన అభిప్రాయం ఉండేది. లాలాజల గ్రంథి లాలాజలాన్ని స్రవించినట్లుగా, ఊపిరితిత్తుల కణాలు ఆక్సిజన్‌ను తమంత తాముగా రక్తంలోకి నెడతాయని ఆయన విశ్వసించాడు. శిష్యుడు మొదట ఆ మాటను సందేహించలేదు. కాని రక్తంలోని వాయువుల పీడనాన్ని మరింత కచ్చితంగా కొలవాలనే పట్టుదలతో క్రోగ్ ఒక చిన్న పరికరాన్ని స్వయంగా రూపొందించాడు. ప్రవహించే రక్తంలో ఒక చిన్న గాలి బుడగను ఉంచితే, కొద్దిసేపటికి ఆ బుడగలోని వాయువుల పీడనం రక్తంలోని వాయువుల పీడనంతో సమానమవుతుంది. ఆ బుడగను విశ్లేషిస్తే రక్తం సంగతి తెలుస్తుంది. ఎన్నిసార్లు కొలిచినా ఫలితం ఒక్కటే. ధమని రక్తంలోని ఆక్సిజన్ పీడనం ఊపిరితిత్తుల గాలిలోని పీడనాన్ని ఎన్నడూ మించలేదు. అంటే నెట్టే శక్తి ఏదీ అక్కడ లేదు. నీటిలో వేసిన సిరా చుక్క చిక్కగా ఉన్నచోటు నుంచి పలుచగా ఉన్నచోటికి తనంత తానే వ్యాపించినట్లు, ఆక్సిజన్ కూడా విసరణ వల్లనే రక్తంలోకి చేరుతోంది.

గురువు తప్పని చాటడం తేలికైన పని కాదు. ఉద్యోగం ఇచ్చినవాడూ, పరిశోధన నేర్పినవాడూ ఆయనే. ఆ కాలంలో బోర్ మాటకు ఐరోపాలో ఎంతో విలువ ఉండేది. అయినా 1910లో క్రోగ్ వరుసగా ఏడు వ్యాసాలను ప్రచురించాడు. వాటిలో కొన్ని భార్య మేరీతో కలిసి వ్రాసినవి. ఆ దంపతులు తమలో తాము వాటిని ఏడు చిన్న దయ్యాలని పిలుచుకొనేవారట! గురువు అభిప్రాయాలను ఖండించక తప్పడం లేదని చెబుతూనే, తాను ఆయనకు ఎంత ఋణపడి ఉన్నాడో క్రోగ్ ఆ వ్యాసంలోనే వ్రాశాడు. మరుసటి సంవత్సరమే బోర్ మరణించాడు. బ్రిటన్‌లో హాల్డేన్ వంటి మేధావి 1936లో మరణించేదాకా పాత సిద్ధాంతాన్ని వదలలేదు.

మేరీ పేరు ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వైద్య విద్యార్థినిగా ఉన్నప్పుడు ఆమెకు క్రోగ్‌తో పరిచయం కలిగింది. 1905లో వారి వివాహం జరిగింది. 1908లో ఇద్దరూ గ్రీన్‌లాండ్ వెళ్లి, దాదాపు మాంసాహారంతోనే జీవించే అక్కడి ప్రజల శరీరధర్మాలను పరిశీలించి వచ్చారు. ఊపిరితిత్తుల నుంచి వాయువులు రక్తంలోకి ఎంత వేగంగా చేరుతాయో కొలిచే పద్ధతిని రూపొందించినది మేరీయే. అతి స్వల్పంగా కార్బన్ మోనాక్సైడ్ కలిపిన గాలిని ఒకసారి పీల్చి, కాసేపు ఊపిరి బిగబట్టి, వదిలిన గాలిని విశ్లేషించడం ఆ పద్ధతి. కొన్ని మార్పులతో నేటి ఆసుపత్రులలో శ్వాసకోశ రోగులకు చేసే ఒక పరీక్షకు అదే మూలం.

ఊపిరితిత్తుల సంగతి తేలాక క్రోగ్ దృష్టి కండరాల మీదికి మళ్లింది. విశ్రాంతిగా ఉన్న కండరం కంటె శ్రమిస్తున్న కండరానికి ఆక్సిజన్ ఎన్నో రెట్లు అధికంగా కావాలి. రక్తప్రవాహం పెరుగుతుందన్నది అప్పటికే తెలిసిన విషయం. అయితే రక్తం ఎంత వచ్చినా, ఆక్సిజన్ నాళం గోడ దాటి కండరతంతువు మధ్యకు చేరేది విసరణ వల్లనే. విసరణకు ఒక పెద్ద పరిమితి ఉంది. దూరం రెట్టింపైతే పట్టే కాలం సుమారు నాలుగు రెట్లవుతుంది. కనుక ప్రశ్న రక్తం ఎంత అన్నది మాత్రమే కాదు, నాళానికీ కణానికీ మధ్య దూరం ఎంత అన్నది కూడా. ఇది సేద్యం తెలిసిన వారికి సులభంగా బోధపడుతుంది. పెద్ద కాలువలో నీరు నిండుగా పారుతున్నా, చేనిలో రెండు బోదెల మధ్య ఎడం ఎక్కువైతే నడిమి మొక్కలు వాడిపోతాయి.

విశ్రాంతి సమయంలో కేశనాళికలలో చాలావరకు మూసుకొని ఉంటాయని, శ్రమించేటప్పుడు అవి తెరుచుకొని కణాలకూ రక్తానికీ ఉన్న ఎడాన్ని తగ్గిస్తాయని క్రోగ్ ఊహించాడు. ఊహను పరీక్షించడానికి ఆయన ఎంచుకొన్న సాధనం సామాన్యమైన నల్ల సిరా. కప్ప, గినీ పిగ్ వంటి జంతువుల రక్తంలోకి ఇండియా ఇంకును ఎక్కించి, అది శరీరమంతటా ప్రసరించగానే ప్రసరణను ఆపి, కండరాన్ని పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద పరిశీలించాడు. రక్తం పారుతున్న నాళంలో మాత్రమే సిరా ఉంటుంది. ఇక మిగిలింది ఓపికగా లెక్కించడమే. విశ్రాంతిగా ఉన్న కండరంలో ఒక చదరపు మిల్లీమీటరు వైశాల్యంలో సిరా నిండిన నాళికలు కొన్నిచోట్ల 100 కూడా లేవు. పని చేయించిన కండరంలో ఆ సంఖ్య 2,000 దాటింది. సజీవమైన కప్ప నాలుకను సూక్ష్మదర్శిని కింద ఉంచి, నాళికలు తెరుచుకోవడాన్ని ఆయన కళ్లారా చూశాడు కూడా. రైతు అవసరాన్ని బట్టి మడవలు తెరిచి, మూసినట్లుగా శరీరం తన సూక్ష్మనాళాలను నియంత్రిస్తోందని ఆయన నిర్ధారించాడు.

లెక్కింపుతో ఆయన తృప్తి చెందలేదు. ఆక్సిజన్ కణజాలం గుండా ఎంత వేగంతో వ్యాపిస్తుందో కొలిచాడు. ఒక్కొక్క కేశనాళికను మధ్యలో ఉంచి, దాని చుట్టూ అది పోషించే కండరభాగాన్ని ఒక స్తూపంగా భావించాడు. ఆ స్తూపంలో ఏ బిందువు వద్ద ఆక్సిజన్ పీడనం ఎంత ఉంటుందో తెలిపే సమీకరణాన్ని కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసే ఎర్లాంగ్ అనే గణితవేత్త సాధించి ఇచ్చాడు. టెలిఫోన్ల రద్దీని కొలిచే ప్రమాణానికి నేడు ఎర్లాంగ్ పేరే ఉంది. 1919లో వెలువడిన ఈ సమీకరణం సూక్ష్మ రక్తప్రసరణ అధ్యయనానికి నేటికీ తొలి మెట్టుగా నిలిచింది. 1920లో క్రోగ్‌కు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

క్రోగ్ నిర్ధారణలన్నీ యథాతథంగా నిలవలేదు. సజీవ కండరంలో ఎర్ర రక్తకణాల కదలికను నేరుగా చూడగలిగిన తరువాతి పరిశోధకులు, విశ్రాంతి సమయంలో కూడా చాలా కేశనాళికలలో రక్తం పారుతూనే ఉంటుందని కనుగొన్నారు. ప్రవాహాన్ని ప్రధానంగా అదుపు చేసేవి కేశనాళికలకు ముందున్న చిన్న ధమనికలేనని కూడా తేలింది. ఆయన గీసిన చిత్రంలో గీతలు మారాయి. దూరమూ విసరణా కలిసి ఆక్సిజన్ సరఫరాను నిర్ణయిస్తాయన్న మూలసూత్రం మాత్రం చెక్కుచెదరలేదు.

1922లో క్రోగ్ అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఉపన్యాసాలు ఇవ్వడానికి వెళ్లాడు. అప్పటికే మేరీ మధుమేహంతో బాధపడుతున్నది. ఆనాడు ఆ వ్యాధికి కఠినమైన పథ్యం తప్ప వేరే గతి లేదు. అంతకు కొద్దికాలం ముందే కెనడాలోని టొరాంటోలో బాంటింగ్, బెస్ట్ తదితరులు ఇన్సులిన్‌ను కనుగొన్నారు. ఆ వార్త విన్న మేరీ టొరాంటో వెళ్లి రావలసిందిగా భర్తను కోరింది. క్రోగ్ అక్కడికి వెళ్లి, డెన్మార్క్‌లో ఇన్సులిన్ తయారు చేయడానికి అనుమతి పొందాడు. స్వదేశానికి తిరిగిరాగానే హాగెడోర్న్ అనే యువవైద్యునితో కలిసి పశువుల క్లోమం నుంచి ఇన్సులిన్‌ను తీసే ప్రయత్నం మొదలుపెట్టాడు. ఒక ఔషధ సంస్థ అధిపతి అయిన కాంగ్‌స్టెడ్ పెట్టుబడి సమకూర్చాడు. 1923 మార్చి నాటికే డెన్మార్క్‌లోని రోగులకు ఆ ఔషధం అందింది. అలా పుట్టిన నార్డిస్క్ సంస్థ, దాని నుంచి విడిపోయినవారు 1925లో స్థాపించిన నోవో సంస్థ 1989లో ఒకటై నోవో నార్డిస్క్‌గా రూపొందాయి. ఇక మేరీ ఆ తరువాత మరో ఇరవై సంవత్సరాలు జీవించింది. 1923లో బాంటింగ్, మక్లౌడ్‌లకు లభించిన నోబెల్ బహుమతికి వారి పేర్లను ప్రతిపాదించినవారిలో క్రోగ్ కూడా ఉన్నాడు.

పరిశోధనకు అవసరమైన పరికరాలను తానే రూపొందించుకోవడం క్రోగ్‌కు జీవితాంతం అలవాటు. మనిషి శ్రమను కొలవడానికి కదలని సైకిల్ వంటి యంత్రాన్ని నిర్మించాడు. ప్రతి సమస్యకూ దానిని పరిశోధించడానికి అత్యంత అనువైన జంతువు ఏదో ఒకటి ప్రకృతిలో ఉంటుందని 1929లో ఆయన చేసిన సూచన శాస్త్రవేత్తల లోకంలో క్రోగ్ సూత్రంగా స్థిరపడింది. హెవెసీతో కలిసి భారజలాన్ని, ఐసోటోపులను జీవశాస్త్ర పరిశోధనలో వినియోగించిన తొలితరం వారిలో ఆయన ఒకడు.

1940లో జర్మనీ సేనలు డెన్మార్క్‌ను ఆక్రమించాయి. 1943లో మేరీ కన్నుమూసింది. ప్రాణభయం ఏర్పడటంతో 1944లో క్రోగ్ స్వీడన్‌కు తరలిపోయి, యుద్ధం ముగిశాక 1945లో తిరిగివచ్చాడు. పదవీ విరమణ చేసినా ప్రయోగాలు మానలేదు. మిడతలు అలుపెరుగక అంతదూరం ఎలా ఎగురగలుగుతున్నాయో తన ఇంటి వద్ద ఏర్పరచుకొన్న చిన్న ప్రయోగశాలలో పరిశీలిస్తూ గడిపాడు. 1949 సెప్టెంబరు 13న కోపెన్‌హాగన్‌లో ఆయన మరణించాడు.

ఆయన కుమార్తె బోడిల్ కూడా శరీరధర్మశాస్త్రవేత్త అయింది. అమెరికా శరీరధర్మశాస్త్ర సంఘానికి 1975లో తొలి మహిళా అధ్యక్షురాలైన ఆమె, 1995లో తండ్రి జీవితచరిత్రను ప్రచురించింది. ఆ గ్రంథం శీర్షికలో తండ్రి పేరు పక్కనే తల్లి పేరునూ చేర్చింది.