బిల్ విల్సన్

విలియం గ్రిఫిత్ విల్సన్ లేదా బిల్ విల్సన్ (నవంబరు 26, 1895 - జనవరి 24, 1971) మద్యపాన వ్యసనము నుండి బయటపడగోరు వారి పరస్పర సహాయ సంఘమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏ.ఏ.) వ్యవస్థాపకులు ఇద్దరిలో ఒకడు. అమెరికాకు చెందిన ఇతడు, సభ్యుల పూర్తి పేర్లు వెల్లడించరాదన్న సంఘ నియమము ప్రకారము బిల్ డబ్ల్యూ. గా ప్రసిద్ధుడు.

బాల్యము, వివాహము

వెర్మాంట్ రాష్ట్రములోని ఈస్ట్ డోర్సెట్ గ్రామములో జన్మించాడు. తల్లిదండ్రులు విడిపోవుటచే మాతామహుల ఇంట పెరిగాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలములో ఫిరంగి దళములో అధికారిగా చేరాడు. ఆ రోజులలోనే ఒక విందులో మొదటిసారి మద్యము సేవించాడు. సహజముగా బిడియస్థుడైన ఇతనికి అది ధైర్యము నిచ్చినట్లు తోచినది. 1918 జనవరి 24న లోయిస్ బర్న్‌హామ్‌ను వివాహమాడాడు.

వ్యసనము

యుద్ధానంతరము న్యూయార్కులో న్యాయశాస్త్రము చదివినను పట్టా పొందలేదు. వాటాల మార్కెట్టు వ్యాపారములో రాణించి ధనము గడించాడు. 1929లో మార్కెట్టు కుప్పకూలగా సర్వము కోల్పోయాడు. భార్య దుకాణములో ఉద్యోగము చేసి ఇల్లు గడిపినది. ఎన్నో ఒట్లు పెట్టి, అన్నీ తప్పాడు. న్యూయార్కులోని టౌన్స్ ఆసుపత్రిలో పలుమార్లు చేరాడు. అక్కడి వైద్యుడు సిల్క్‌వర్త్ తాగుడు గుణదోషము కాదనియు, అది ఒక వ్యాధి అనియు ఇతనికి తెలియజెప్పాడు. 1934 నవంబరులో పాత తాగుడు మిత్రుడు ఎబ్బీ థాచర్ మద్యము మానివేసి ఇతనిని చూడవచ్చాడు. ఆ మరుసటి నెలలో ఆసుపత్రిలో చేరిన తరువాత విల్సన్ మరల మద్యము ముట్టలేదు.

అక్రాన్ సమావేశము

1935 మే నెలలో వ్యాపారము పనిమీద ఒహైయో రాష్ట్రములోని అక్రాన్ పట్టణమునకు వెళ్ళాడు. పని విఫలమైనది. హోటలు వసారాలో ఒక ప్రక్క మద్యశాల, మరొక ప్రక్క టెలిఫోను ఉన్నవి. తనకు ఆ క్షణమున కావలసినది హితబోధకుడు కాదనియు, తనవంటి మరొక తాగుబోతు అనియు గ్రహించాడు. గడచిన నెలలలో న్యూయార్కులో పలువురు తాగుబోతులతో మాట్లాడాడు. వారిలో ఎవరూ మానకున్నను, ఆ ప్రయత్నమే తనను కాపాడినదని అతనికి స్ఫురించినది. చర్చిల పట్టిక చూసి ఫోను చేయగా, ఒక మతగురువు ద్వారా హెన్రియెట్టా సీబర్లింగ్ అను మహిళ పరిచయమైనది. ఆమె తన ఇంట శస్త్రవైద్యుడు డా. రాబర్ట్ స్మిత్ (డా. బాబ్)ను ఇతనికి పరిచయము చేసినది. పావుగంట మాత్రమే ఉందునని వచ్చిన స్మిత్ ఆరు గంటలకు పైగా కూర్చున్నాడు. విల్సన్ నీతులు చెప్పక తన కథ చెప్పుటయే ఇందుకు కారణము. స్మిత్ ఒకసారి మరల జారిపడినను, 1935 జూన్ 10 తరువాత తాగలేదు. ఆ తేదీనే సంఘము స్థాపన దినముగా పాటిస్తారు.

సంఘ నిర్మాణము

1939లో వెలువడిన సంఘ గ్రంథములో పన్నెండు సోపానములు ఉన్నవి. 1941లో ఒక ప్రసిద్ధ వారపత్రికలో వ్యాసము రాగా సభ్యత్వము వేగముగా పెరిగినది. సంఘమునకు రుసుము లేదు. తాగుడు మానవలెనన్న కోరికయే అర్హత. భార్య లోయిస్ 1951లో తాగుబోతుల కుటుంబ సభ్యుల కొరకు ఆల్-అనాన్ సంఘమును స్థాపించినవారిలో ఒకరు. 1955లో విల్సన్ నాయకత్వమును సభ్యుల ప్రతినిధులకు అప్పగించాడు.

విమర్శలు, మరణము

సోపానములలోని దైవ ప్రస్తావన కొందరు నాస్తికులకు నచ్చలేదు. విల్సన్ 1956లో ఎల్.ఎస్.డి. సేవించి చూచుట కూడా విమర్శకు గురియైనది. ఇతడు దీర్ఘకాలము మనోవ్యాకులతతో బాధపడ్డాడు. మద్యము మానినను పొగత్రాగుట చాలాకాలము మానలేక ఊపిరితిత్తుల వ్యాధికి లోనై, తన పెళ్ళిరోజునే మరణించాడు. 2020 నాటి కొక్రేన్ సమీక్ష, మద్యమునకు పూర్తిగా దూరముగా ఉంచుటలో ఏ.ఏ. మార్గము ఇతర మానసిక చికిత్సలకు దీటుగా, కొన్నిట మెరుగుగా ఉన్నదని తేల్చినది.

తెలుగు ప్రాంతములో

భారతదేశములో ఏ.ఏ. 1957లో ప్రారంభమైనది. ఆంధ్రప్రదేశ్‌లో 1992 నాటి సారా వ్యతిరేక ఉద్యమము ఫలితముగా 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చి, 1997లో సడలినది. నిషేధము దుకాణమును మూయించగలదు గాని, తాగుటకు అలవాటుపడిన శరీరమును, మనస్సును బాగుచేయలేదు. నిజామాబాదు జిల్లాలో మరొక చిక్కు ఉన్నది. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలాం వంటివి కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారు ఒక్కసారిగా మానినచో వణుకు, ఫిట్స్, మతిభ్రమ కలుగుతాయి. 2015లో కల్తీపై దాడులు జరిగినప్పుడు పలువురు ఆసుపత్రుల పాలయ్యారు. కావున మొదట వైద్యుని, తరువాత సంఘమును ఆశ్రయించుట క్షేమము.

కమ్మర్‌పల్లి వంటి పసుపు పండించు గ్రామముల వారు నిజామాబాదు ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగములో విచారించవచ్చును. వ్యసన విముక్తికి 14446, మానసిక ఆరోగ్య సలహాలకు 14416 నంబర్లకు ఉచితముగా ఫోను చేయవచ్చును. సమీపములో సమావేశము జరుగనిచో, మానదలచిన మరొకరిని వెదకి వారానికొకసారి కలిసి కూర్చున్నను ఆరంభమగును. అక్రాన్‌లో తొలుత కూర్చున్నది ఇద్దరే.