పది పట్టాలు అడిగిన అయ్యంకాళి

మొన్న మా ఊరిలో ఊరేగింపు దారి గురించి ఊరికీ పేటకూ తగవు జరిగింది. కేసుల్లో ఇరుక్కున్న వారిలో రెండు వైపులా డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న యువకులే ఎక్కువ. ఆ జాబితా చూసినప్పుడు నాకు అయ్యంకాళి గుర్తుకు వచ్చాడు.

తిరువనంతపురం సమీపంలోని వెంగానూరులో 1863లో, పులయ కుటుంబంలో ఆయన జన్మించాడు. పొలంలో చాకిరీ పులయలది, పంట భూస్వాములది. రాజమార్గం మీద నడిచే హక్కు సైతం వారికి లేదు. 1893లో ఆయన ఎడ్లబండి కొని, తలపాగా చుట్టి, ఆ నిషిద్ధ మార్గం మీదనే తోలాడు. దాడులను ఎదిరించడానికి తన ఈడు యువకులను కూడగట్టి పోరాటవిద్య నేర్పించాడు.

ఆ బండినే అందరూ స్మరిస్తారు. నా దృష్టిలో అంతకంటే గొప్పది వ్యవసాయ కూలీల సమ్మె. 1907లో సాధుజన పరిపాలన సంఘాన్ని స్థాపించిన ఈ నాయకునికి చదవడం, రాయడం రాదు. అయినా కూలితో పాటు బడిని కూడా సమ్మె కోరికగా నిలిపాడు. తమ పిల్లలను బడిలో చేర్చుకోనంతకాలం పొలంలో దిగబోమని కూలీలు పని మానారు. భూస్వాములు తామే నాట్లకు దిగి అలసిపోయారు. గుడిసెల్లో పొయ్యి వెలగని రోజులు వచ్చాయి. అప్పుడాయన తీరప్రాంత మత్స్యకారులతో మాట్లాడి, కూలీలను వారి పడవల మీద వేటకు పంపాడు. వెనుకబడిన కులాల ఐక్యత గురించి మనం రాసే వ్యాసాలన్నిటికంటే ఆ పడవలు నాకు విలువైనవి. చివరకు మేజిస్ట్రేట్ కండల నాగంపిళ్ళై మధ్యవర్తిత్వంతో రాజీ కుదిరింది. తగవు మాత్రం ఆగలేదు. ఊరూట్టంబలంలో పంచమి అనే పులయ బాలికను బడిలో కూర్చోబెట్టినందుకు ఆ బడినే తగలబెట్టారు.

1911లో తిరువాంకూరు ప్రభుత్వం ఆయనను శ్రీమూలం ప్రజాసభకు నియమించింది. అక్కడ ఆయన బడి ఒక్కటే అడగలేదు. సాగుకు పుదువల్ భూమి, ప్రభుత్వ కొలువుల్లో చోటు కూడా అడిగాడు. 1937 జనవరిలో గాంధీజీ వెంగానూరు వచ్చారు. ఆలయప్రవేశ ప్రకటన వెలువడి అప్పటికి రెండు నెలలే. వృద్ధుడైన అయ్యంకాళి మాత్రం తాను కన్నుమూసేలోగా తన వారిలో పదిమంది బి.ఏ.లను చూడాలని కోరాడు. 1941లో మరణించాడు.

ఆ పది పట్టాల కోరికను జయంతి సభల్లో అందరం చెప్పుకుంటాం. భూమినీ కొలువునూ అడిగిన సంగతి ఎవరూ ఎత్తరు. మా పేటలో ఇప్పుడు పదికి మించి పట్టభద్రులున్నారు. వారిలో ఎవరికీ సెంటు భూమి లేదు.