సుబ్బారావు గారి బంగారు మందు

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెప్పగానే మనవాళ్ళు చాలామంది ఫోలిక్ యాసిడ్ దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం ఆరియోమైసిన్ కథే ఇష్టం.

1895లో భీమవరంలో పుట్టారు. సోదరుల్ని స్ప్రూ జబ్బు బలి తీసుకుంది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసరుకు కోపమొచ్చి, ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. చేతికొచ్చింది. 1923లో బోస్టన్ చేరి, రాత్రిపూట ఆస్పత్రిలో పోర్టరుగా పనిచేస్తూ హార్వర్డులో చదివారు. ఫాస్ఫరస్ కొలిచే పద్ధతికి ఫిస్క్‌తో పాటు ఆయన పేరూ ఉంది, అయినా అక్కడ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. (హెచ్-1 కష్టాలు మనకే అనుకుంటాం!) 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళి పరిశోధనకు సారథి అయ్యారు.

అక్కడే ఆయన బృందంలో, డెబ్బై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గర్ మిస్సోరీ మట్టిలోంచి వచ్చిన ఓ సూక్ష్మజీవిలో బంగారు రంగు మందు కనిపెట్టారు. అదే ఆరియోమైసిన్. తమాషా ఏమిటంటే, స్టాఫిలోకాకస్ ఆరియస్ పేరులో ఉన్నదీ ఆ బంగారమే. పెన్సిలిన్‌కు లొంగని స్టాఫ్ అప్పటికే ఆస్పత్రుల్లో పెరుగుతోంది. ఈ మందు రైబోజోమును పట్టుకుని బాక్టీరియా ప్రోటీన్ల తయారీని ఆపేస్తుంది. 1948లో లోకానికి ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు నిద్రలో కన్నుమూశారు, 53 ఏళ్ళకే.

స్టాఫ్ ఊరుకుంటుందా? 2001లో జపాన్ శాస్త్రజ్ఞులు దాని జీనోమ్, సుమారు 28 లక్షల అక్షరాలు, చదివి ప్రచురించారు. తెల్ల రక్తకణాలను చంపే విషం జన్యువులు కొన్ని రకాల స్టాఫ్‌లోకి ఫాజ్ వైరస్‌ల వెంట వచ్చాయి. ఆరియోమైసిన్‌ను బయటికి తోసేసే టెట్-కె జన్యువు 4,400 అక్షరాల చిన్న ప్లాస్మిడ్ మీద తిరుగుతుంటుంది, మా ఆఫీసు భాషలో పెన్ డ్రైవ్ అన్నమాట. ఆ మందు కుటుంబంలోని డాక్సీసైక్లిన్‌ను మాత్రం ఎం.ఆర్.ఎస్.ఏ. చర్మవ్యాధులకు డాక్టర్లు నేటికీ రాస్తున్నారు.