ఇటుకతో అక్షరాభ్యాసం

పసిపిల్లలకు ‘అ’ అంటే అమ్మ అని నేర్పుతాం. మరి నలభై యేండ్ల కూలివానికి? బ్రెజిల్ దేశస్థుడు పౌలో ఫ్రెయిరె ఇటుకను ఎంచుకున్నారు.

1921లో రెసీఫె నగరంలో, భక్తిగల కథోలిక తల్లికి జన్మించారాయన. చిన్ననాడే తండ్రిని పోగొట్టుకొని ఆకలి రుచి ఎరిగినవారు. న్యాయశాస్త్రం చదివి కూడ వకీలు వృత్తి వదులుకున్నారు.

పాఠానికి ముందు ఆ ఊరివారు నిత్యం ఏ మాటలాడుతారో వెళ్ళి వినాలన్నది ఆయన పద్ధతి. వారి భాషలో ఇటుక ‘టిజోలో’. ఇటుక బొమ్మ చూపి, ఇల్లూ పనీ గురించి అందరూ మాట్లాడుకున్నాక ట, టె, టి, టొ, టు! మన గుణింతమే కదా! ఆ ముక్కలతో కొత్త మాటలు తామే కట్టుకునేవారు. ఆయన గ్రంథాలు నాబోటి తత్వశాస్త్ర విద్యార్థికే కొరుకుడుపడవు. ఈ ఇటుక మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది.

1963లో అంజికోస్ అనే చిన్న పట్టణంలో విద్యార్థులు ఇంటింటికీ తిరిగి పెద్దలను పోగుచేశారు. 40 గంటల పాఠాలతో సుమారు 300 మంది చదవను, వ్రాయను నేర్చారు. ముగింపు పాఠానికి దేశాధ్యక్షుడు గులార్ట్ స్వయంగా వచ్చారు.

ఇందులో భయపడవలసినదేముంది అంటారా? ఆనాడు అక్కడ చదువురానివారికి ఓటు లేదు. 1985లో గాని ఆ హక్కు రాలేదు. కూలివాడు అక్షరం దిద్దితే ఓటరు అవుతాడు! 1964లో అధికారం లాక్కున్న సైన్యం ఫ్రెయిరెను 70 రోజులు చెరలో ఉంచింది. ఆపై పదిహేనేండ్లకు పైగా పరదేశవాసం. చిలీలోనూ రైతుల చదువు కోసమే పనిచేశారు.

1980లో స్వదేశం చేరారు. 1989లో సావో పౌలో నగర విద్యాశాఖ చేపట్టి, బస్తీ సంఘాలను కలుపుకొని మళ్ళీ పెద్దలకు అక్షరాలు నేర్పించే పనికే పూనుకున్నారు. 1997లో కన్నుమూశారు.