నక్షత్రాలకు కిటికీ తెరిచిన నవాబు జఫర్ జంగ్

శ్రీశైలం చుట్టూ ఉన్న నల్లమల కొండల్లో, దీపాల వెలుగు లేని అమావాస్య రాత్రి ఆకాశం కేసి చూస్తే మామూలు కంటికి రెండు, మూడు వేల నక్షత్రాలు కనిపిస్తాయి. అంతకు మించి కనపడకపోవడానికి కారణం నక్షత్రాలు లేకపోవడం కాదు. మన కంటిపాప చీకట్లో బాగా విచ్చుకున్నా 7 మిల్లీమీటర్లే. దాంట్లోంచి దూరేంత వెలుగే మనకు అందుతుంది.

ఈ హద్దును దాటాలని తపించినవారు మన తెలుగు నేలపైనా ఉన్నారు. వారిలో హైదరాబాద్ సంస్థానానికి చెందిన నవాబు జఫర్ జంగ్ బహదూర్ ఒకరు. సిరిసంపదల మధ్య పుట్టిన ఆయన ఇంగ్లాండులో చదువుకున్నారు. ఖగోళశాస్త్రం మీద ఆయనకు ఎనలేని మక్కువ.

1901లో నవాబు గారు సొంత సొమ్ముతో ఒక పెద్ద దూరదర్శినిని తెప్పించారు. ఐర్లండులోని డబ్లిన్‌కు చెందిన గ్రబ్ సంస్థ దానిని తయారు చేసింది. ముందు భాగంలోని కటకం అడ్డంగా 15 అంగుళాలు, అంటే సుమారు 38 సెంటీమీటర్లు. అది మన కంటిపాప కంటే దాదాపు మూడు వేల రెట్లు ఎక్కువ వెలుగును పోగుచేస్తుంది. కటకం ఆ కిరణాలను వంచి ఒక్కచోటికి చేరుస్తుంది. కంటికి ఆనని నక్షత్రం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. వెలుగు వస్తువు నుంచి కంటికి వస్తుందే గాని కంటి నుంచి బయలుదేరదని, సుమారు వెయ్యేళ్ళ క్రితం బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ ప్రయోగాలతో నిరూపించారు. ఆయన వేసిన బాటే కాలక్రమంలో ఇలాంటి కటకాల దాకా వచ్చింది.

హైదరాబాద్ ఫిసల్‌బండలోని తన ఆవరణలో నవాబు గారు వేధశాలను నెలకొల్పారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ అనుమతితో దానికి నిజామియా అని పేరు పెట్టారు. తన తదనంతరం దాన్ని ప్రభుత్వం స్వీకరించాలని కూడా విన్నవించుకున్నారు. సోదరులారా! ఆయన దూరదృష్టి ఇక్కడే కనిపిస్తుంది. ఇష్టపడి కొన్న వస్తువును వారసులకు మిగిల్చేవారే ఎక్కువ. అది వారి చేతుల్లో అలంకారంగా మిగిలిపోవచ్చు, అమ్ముడు కూడా పోవచ్చు. ఆయన దాన్ని జనానికి ఉపయోగపడేలా వదిలి వెళ్ళదలచారు.

1907లో నవాబు గారు కన్నుమూశారు. మరుసటి ఏడాదే వేధశాల ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆర్థర్ చాట్‌వుడ్ తొలి డైరెక్టరయ్యారు. వేధశాల బేగంపేటకు తరలింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది. 15 అంగుళాల దూరదర్శిని బేగంపేటలో పనిచేయడం మొదలైంది 1922లో. అప్పటికి నవాబు గారు పోయి 15 ఏళ్ళు.

ఆకాశమంతటినీ ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చేయాలని 1887లో పారిస్‌లో వివిధ దేశాల శాస్త్రవేత్తలు తీర్మానించారు. చిలీలోని శాంటియాగోకు అప్పగించిన భాగం పూర్తికాకపోగా, దానిని హైదరాబాద్ తలకెత్తుకుంది. 8 అంగుళాల మరో దూరదర్శినితో గాజు పలకల మీద ఫోటోలు తీసి, ఒక్కొక్క చుక్క స్థానాన్ని చేత్తో కొలిచారు. చాట్‌వుడ్ తర్వాత పోకాక్, ఆ తర్వాత భాస్కరన్ ఈ పనిని ముందుకు నడిపారు. ఏళ్ళ తరబడి సాగిన ఆ శ్రమతో 7 లక్షల 60 వేలకు పైగా నక్షత్రాలు నమోదయ్యాయి. 1944లో డైరెక్టరైన అక్బర్ అలీ ఇంకా పెద్ద దూరదర్శిని కోసం పాటుపడ్డారు. ఆ కృషి ఫలితంగా 1968లో జపాల్–రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని వెలిసింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచే పరిశీలించారు.

మనిషి పోయాక కూడా అతని పుణ్యఖాతాలో జమ అవుతూ ఉండే మేలును సదఖయె జారియా అంటాం. బావి, బడి, ప్రయోజనకరమైన విద్య అలాంటివే. ఆకాశాల సృష్టిని గురించి యోచించమన్న గ్రంథాన్ని నమ్మేవారికి దూరదర్శిని పరాయి వస్తువు కాదు. మన పిల్లల కోసం ఇల్లూ నగలూ కూడబెడుతున్నాం. వాటితోపాటు ఊరి బడికి ఒక చిన్న దూరదర్శినినో, నాలుగు మంచి పుస్తకాలనో ఇవ్వగలమేమో ప్రతి ఇంటివారూ ఆలోచించాలి.