బర్మా యుద్ధంలో కాటన్ దొర

గోదావరి జిల్లాల్లో కాటన్ దొర పేరు తెలియని రైతు ఉండడు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మహానుభావుడని ఊరూరా విగ్రహాలు పెట్టుకున్నాం. అయితే ఆయన పటాలంలో ఇంజనీరనీ, ఆనకట్టలకు ముందు రెండేళ్ళు బర్మా యుద్ధంలో గడిపారనీ చాలామంది ఎరుగరు.

సర్ ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. ఆడిస్కోంబ్‌లోని ఈస్టిండియా కంపెనీ సైనిక విద్యాలయంలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరారు. 1821లో మద్రాసు వచ్చి దక్షిణాది చెరువుల శాఖలో కుదురుకున్నారు. అంతలోనే యుద్ధం వచ్చింది.

1824 మే 11న కంపెనీ సేన రంగూన్‌లో దిగింది. మన పెద్దలు రంగం అని పిలిచిన ఊరు ఇదే. బర్మావారు టేకు దుంగలు నిలువునా పాతి దడికోటలు కట్టి, వాటి చాటున పోరాడేవారు. ఆ దడుల దాకా దారి చేయడం, కందకాలు తవ్వించడం, ఫిరంగులకు చోటు సిద్ధం చేయడం, ఎక్కడానికి నిచ్చెనలు అమర్చడం ఇంజనీర్ల వంతు. అందరికంటే ముందు గుండుకు ఎదురు వెళ్ళేదీ వారే. కాటన్‌కు అప్పటికి 21 ఏళ్ళు. రంగూన్ నుంచి ఐరావతి నది వెంబడి ప్రోమ్ వైపు సాగిన దాడుల్లో ఆయన ముందు నడిచారు. బర్మా సేనాపతి మహా బందులా 1825 ఏప్రిల్ 1న నేలకొరిగిన దానుబ్యూ ముట్టడిలో కందకాల్లో పనిచేశారు.

గుండ్లకంటే వానలు, జ్వరాలు, విరేచనాలే ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయి. సుమారు 40,000 మంది వెళితే 15,000 మంది తిరిగి రాలేదు. మద్రాసు పటాలాల్లో చేరిన తెలుగు సిపాయిలూ ఆ దండులో ఉన్నారు. ఎవరి రాజ్యం పెరగడానికి వారు ప్రాణాలొడ్డారో వేరే చెప్పనక్కరలేదు. 1826 ఫిబ్రవరి 24న యాందబో సంధి కుదిరింది. బర్మా రాజు అరకాన్, తెనాసరిం వదులుకుని, కోటి రూపాయలు చెల్లించడానికి ఒప్పుకున్నాడు.

ఇక పతకాల సంగతి విచిత్రం. సిపాయిలకు కంపెనీ 1826లోనే పతకాలు మంజూరు చేసింది. దేశీయ అధికార్లకు బంగారువి, మిగతావారికి వెండివి. ఒకవైపు సింహం ఎదుట మోకరిల్లిన తెల్ల ఏనుగు, రెండోవైపు రంగూన్ పగోడాపై దాడి బొమ్మ ఉంటాయి. ఏనుగు అంటే బర్మా, సింహం అంటే ఇంగ్లీషువారు. ఆ బొమ్మ చూసి మనం మురిసిపోవలసిందేమీ లేదు. కాటన్ వంటి తెల్ల అధికార్లకు మాత్రం పాతికేళ్ళపాటు ఏమీ దక్కలేదు. 1851లో విక్టోరియా రాణి పాత యుద్ధాలకుగాను వెండి పతకం మంజూరు చేసింది. బర్మాకు వెళ్ళినవారికి దాని రిబ్బను మీద 'ఆవా' అని చెక్కిన పట్టీ ఉంటుంది. అదీ అప్పటికి బతికి ఉన్నవారికే.

ఆ పాతికేళ్ళలో కాటన్ కొల్లిడంపై ఆనకట్టలు కట్టారు. కరువులతో, తుపానులతో చితికిన గోదావరి సీమను చూసి 1844లో నివేదిక రాశారు. 1847లో ధవళేశ్వరం పని మొదలైంది. పతకం మంజూరయ్యేనాటికి నదిలో ఆనకట్ట చాలావరకు లేచింది.

1852 మార్చి నాటికి పని పూర్తయింది. ఏప్రిల్‌లో కంపెనీ సేన మళ్ళీ రంగూన్ మీదికి వెళ్ళింది. ఈసారి కాటన్ వెళ్ళలేదు. 1861లో ఆయనకు సర్ బిరుదు ఇచ్చారు. 1899 జూలై 24న ఇంగ్లండులోని డార్కింగ్‌లో 96 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.